కారు పీల్చు గాలి

మోటారు కారు పెట్రోలుతో నడచునని అందరమును అందుము. పెట్రోలు ధర పెరిగినచో విచారింతుము. మైలేజి తగ్గినచో కలవరపడుదుము. ఆ పెట్రోలుతో పాటు కారు అనుక్షణము పీల్చుచున్న గాలిని గూర్చి తలచువారు మాత్రము అరుదు. ఊరక దొరకునది కదా! ఒక్కసారి లెక్క చూతము. పెట్రోలు చక్కగా మండవలెనన్న బరువులో దానికి పదునాలుగున్నర రెట్లకు పైబడి గాలి కావలెను. అనగా ఒక లీటరు పెట్రోలు కాలుటకు సుమారు 9 వేల లీటర్ల గాలి పట్టును. లీటరుకు 15 కిలోమీటర్లు నడచు కారు 10 వేల కిలోమీటర్లు తిరుగునప్పటికి అరువది లక్షల లీటర్ల గాలిని లోనికి పీల్చును. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి అడుగులు గల గదులు రెండు వందల పైచిలుకు కట్టినచో వానిలో పట్టునంత గాలి అది. ఆ గాలి యంతయు బానెట్టు క్రింద నల్లని పెట్టెలో దాగియున్న మడతల కాగితపు పలక నొకదానిని దాటి పోవలసియున్నది. దానినే ఎయిర్ ఫిల్టరందురు. కారుతో వచ్చిన ఆ పలకను తీసి, బజారులో దొరకు మరియొకదానిని పెట్టదలచినవారు దేనిని చూచి ఎన్నుకొనవలెనన్నది నేటి మా ప్రసంగమునకు విషయము.

ముందుగా మా యింటి కథ యొకటి చెప్పెదము. మా మేనల్లుడొకడు కరీంనగరు ప్రాంతమున కారు కిరాయికి త్రిప్పుకొని బ్రదుకుచున్నాడు. అది గ్రానైటు రాయికి పేరుపడిన చోటు. అప్పు చేసి కొన్న పాత పెట్రోలు కారది. క్వారీలకు రాకపోకలు సాగించు లెక్కలవారిని, ఇంజనీర్లను తీసికొనిపోయి తీసికొనివచ్చుట అతని నిత్యకృత్యము. ఆ బాటమీద ముందొక లారీ, వెనుకొక లారీ. నడుమ తెల్లని దుమ్ములో మావాని కారు. ఒకనాడు విడిభాగముల దుకాణమువాడొకడు ఎర్రని గుడ్డతో శంకువు వలె నున్న ఫిల్టరు నొకదానిని చూపి, దీనిని జన్మలో మార్చనక్కరలేదనియు, కడిగి నూనె పట్టించి వాడుకొనవచ్చుననియు, గాలి ధారాళముగా లోనికి పోవును గనుక పికప్పును మైలేజియు రెండును పెరుగుననియు చెప్పెను. మావాడు నమ్మి, నల్లపెట్టెను మొత్తముగా ఊడదీయించి, ఆ శంకువును గొట్టమునకు తగిలించుకొనెను. ఇంజను శబ్దము కొంత గంభీరమయ్యెను. దానినే బలమనుకొనెను పాపము! ఏడాదిన్నర గడువకముందే కారు నూనె త్రాగ నారంభించెను. వెనుక గొట్టమునుండి నీలిపొగ బయలుదేరెను. షెడ్డులో విప్పి చూడగా సిలిండరు గోడలు గీతలు పడి, రింగులు అరిగిపోయి యున్నవి. కారు అప్పు తీరకముందే రీబోరు ఖర్చు నెత్తిమీద పడినది. అప్పుడు మా యొద్దకు వచ్చి, "మామా, గాలి బాగ తీస్కుంటదన్నరు గద, మరి గిట్లెందుకైంది?" అని అడిగెను. కారు పాతది, తప్పంతయు ఫిల్టరుమీద మోపుట న్యాయము గాకపోవచ్చును. ఐనను ఆ ప్రశ్నకు జవాబు వెదకుచు తెలిసికొన్న సంగతులే శ్రోతలకు మనవి చేయుచున్నాము.

దుమ్మనగానే మనకు తోచునది అద్దములమీద పేరుకొను మట్టి. ఆ ముతక దుమ్ము ఎంత నాసి ఫిల్టరులోనైనను చిక్కుకొనును. కీడు చేయునది కంటికి ఆనని పొడి. తలవెంట్రుక మందము సుమారు 70 మైక్రానులు. మైక్రాననగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. పిస్టను రింగునకును సిలిండరు గోడకును నడుమ నుండు నూనె పొర కొద్ది మైక్రానుల మందము మాత్రమే. మరీ పెద్ద రేణువు ఆ సందులో దూరజాలదు. మరీ చిన్నది నూనెలో తేలి పోవును. ఇంచుమించుగా 5 మొదలు 20 మైక్రానుల వరకు గల రేణువు మాత్రము సందున చొచ్చి ఇరు ప్రక్కలను సానరాయి వలె ఒరయును. అందునను గ్రానైటు పొడిలో క్వార్ట్జు అను స్ఫటికము పాలు హెచ్చు. కాఠిన్యమును కొలుచు మోస్ కొలబద్దలో వజ్రము 10 అయినచో క్వార్ట్జు 7. సిలిండరుకు వాడు పోత ఇనుము దానికంటె మెత్తనిది. ఇసుక వేసి ఇత్తడి బిందెలు తోమిన మన ముత్తవలకు ఈ శాస్త్రము పుస్తకము లేకయే తెలియును.

ఇక ఫిల్టరు ఈ రేణువుల నెట్లు పట్టుచున్నది? చాలమంది దానిని జల్లెడ వంటిదని తలతురు. రంధ్రము చిన్నదైనచో దుమ్ము ఆగును, పెద్దదైనచో దూరును. రంధ్రములు తగ్గినకొలది గాలియు తగ్గును అని వారి ఊహ. నిజము కొంత వేరు. కాగితపు పోగుల నడుమ నుండు ఖాళీలు ఆగిపోవు రేణువుల కంటె పెద్దవిగనే యుండును. గాలి ఆ పోగుల చుట్టును వంపులు తిరుగుచు పోవునప్పుడు బరువైన రేణువు వంపు తిరుగలేక పోగును కొట్టుకొని అంటుకొనును. మధ్యరకము రేణువు ప్రక్కగా పోవుచు పోగును రాచుకొని నిలిచిపోవును. అతి సూక్ష్మమైనది గాలి అణువుల తాకిడికి అటునిటు చలించుచు ఏదో యొక పోగును తగులుకొనును. ఇట్లు నిలిచిన దుమ్మే క్రమముగా ఒక పొరగా ఏర్పడి, తరువాత వచ్చు దుమ్మును తానే పట్టసాగును. కాబట్టి నిన్న కొన్న ఫిల్టరు కంటె కొంత దుమ్ము పట్టిన ఫిల్టరు మేలుగా వడపోయును! వినుటకు వింతగా నున్నను ఇది ప్రయోగములలో తేలిన సత్యము. వారమున కొకమారు ఫిల్టరును తీసి నేలకేసి కొట్టి, దులిపి పెట్టువారు శుభ్రత పేరిట తమ ఇంజనుకు హాని చేయుచున్నారు.

అంతకంటె చెడ్డది గాలి కొట్టించుట. షెడ్డులలోను, పెట్రోలు బంకులలోను టైర్లకు గాలి పట్టు గొట్టముతోనే కాగితపు ఫిల్టరును ఊదించుట మనవైపు పరిపాటి. ఆ ఉద్ధృతికి కాగితములో పోగులు విడిపోయి సూదిమొన వంటి చిల్లులు పడును. చీకటి గదిలో ఫిల్టరు వెనుక దీపమునుంచి చూచినచో ఆ చిల్లులు చుక్కల వలె మెరయును. చుక్కలు కనబడిన ఫిల్టరును పారవేయుటయే తప్ప మరమ్మతు లేదు.

ఫిల్టరులను పరీక్షించుటకు ఐఎస్ఓ 5011 అను అంతర్జాతీయ ప్రమాణ మొకటి కలదు. తూచిన దుమ్మును ఇంత వేగముగల గాలిలో కలిపి ఫిల్టరు మీదికి పంపుదురు. ఫిల్టరు పట్టినదెంత, దాటిపోయినదెంత, గాలికి కలిగిన అడ్డంకి యెంత, నిండిపోవునప్పటికి మొత్తము మోసినదెంత అని తూచి వ్రాయుదురు. ఇందు వాడు దుమ్ము కూడ ప్రమాణబద్ధమే; సన్నరకమనియు, ముతకరకమనియు దానిలో భేదములు కలవు. కావున ఏదేని పెట్టెమీద నూటికి 99 పాళ్లు దుమ్మును పట్టునని యుండినచో ఏ దుమ్మును అని అడుగుడు. ముతక దుమ్ముతో 99 తెచ్చుకొన్నది సన్నదుమ్ము ముందు తేలిపోవచ్చును.

ఈ అంకెలలో ఒక మోసము దాగియున్నది. ఒక ఫిల్టరు 99 పాళ్లు పట్టును. మరియొకటి 97 పాళ్లు పట్టును. రెండింటికిని భేదము రెండే గదా యని మనసు సరిపెట్టుకొనును. కాని పట్టిన దుమ్ము ఇంజనుకు ఏమియు చేయదు, దాటినదే చేయును. నూరు గ్రాముల దుమ్ములో మొదటిది ఒక గ్రామును, రెండవది మూడు గ్రాములను లోనికి విడచును. భేదము రెండు పాళ్లు కాదు, మూడు రెట్లు. పరీక్షలో నూటికి 97 తెచ్చుకొన్న పిల్లవానిని మనము మెచ్చుకొందుము. ఫిల్టరు విషయమున ఆ లెక్క చెల్లదు.

ఇప్పుడు గాలి ఎక్కువ పోవుననెడి మాటకు వత్తము. ఆ మాట అబద్ధము కాదు. పలుచని వడపోత గుండ గాలి తేలికగా పోవును. ఐతే ఆ గాలి మనకు కావలెనా? మంచి స్థితిలో నున్న మామూలు కాగితపు ఫిల్టరు, ఇంజను పూర్తిబలముతో పనిచేయునప్పుడు గాలి ఒత్తిడిని తగ్గించునది సామాన్యముగా నూటికి ఒకటి రెండు పాళ్లు. ఆ అడ్డంకిని పూర్తిగా తొలగించినను దొరకు లాభ మంతే. 70 అశ్వబలముల ఇంజనుకు ఒక అశ్వబలమో, దానికి కొంచెము ఎక్కువో. అదియును యాక్సిలరేటరును తుదిదాక త్రొక్కి, ఇంజనును గరిష్ఠ వేగమున పరుగెత్తించినప్పుడు మాత్రమే. మనము ఊరిలో ఏమి చేయుచున్నాము? కాలు సగము గూడ త్రొక్కము. పెట్రోలు ఇంజనులో కాలు ఎత్తుట యనగా గాలి దారిలో నున్న తలుపును మూయుటయే. ఒక చేత తలుపు మూసి, రెండవచేత కిటికీకి పలుచని తెర వ్రేలాడదీసినచో గదిలోనికి గాలి హెచ్చునా?

మైలేజి సంగతియు ఇట్టిదే. కార్బురేటరు గల వెనుకటి కార్లలో ఫిల్టరు మూసికొనిపోయినచో గాలి తగ్గి, పెట్రోలు పాలు హెచ్చి, మైలేజి పడిపోయెడిది. ఆ కాలపు జ్ఞాపకమే నేటికిని మన నోట మెదలుచున్నది. సుమారు 2000 సంవత్సరము తరువాత మన దేశమున తయారగుచున్న పెట్రోలు కార్లలో ఎంత గాలి వచ్చిన దానికి తగినంత పెట్రోలును మాత్రమే కంప్యూటరు చిమ్మించును. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు 2009లో ఇట్టి కార్లకు మూసికొనిపోయిన ఫిల్టర్లను పెట్టి పరీక్షించిరి. మైలేజిలో చెప్పుకోదగిన తేడా కానరాలేదు. కారు వేగము పుంజుకొనుట మాత్రము మందగించినది. మురికి ఫిల్టరు వలననే మైలేజి పోనప్పుడు, కొత్తరకపు ఫిల్టరు వలన అది ఎట్లు పెరుగును? డీజిలు బండ్ల విషయము కొంత వేరు. అందు ఫిల్టరు మూసికొనిపోయినచో నల్లపొగ వచ్చును. టర్బోకు శ్రమ హెచ్చును. కావున వారు గడువు తప్పక మార్చుట మంచిది.

మావాడు చేసినట్లు పెట్టెను ఊడదీసి శంకువును బయట పెట్టుకొన్నవారికి మరియొక నష్టము కలదు. కంపెనీవారు ఆ నల్లపెట్టెకు గాలిని బానెట్టు ముందుభాగమునుండి, బయటి చల్లగాలి తగులు చోటునుండి గొట్టము ద్వారా తెప్పింతురు. విడి శంకువు ఇంజను ప్రక్కనే కూర్చుండి, అచటి వేడిగాలిని పీల్చును. రెంటచింతలలోనో, రామగుండములోనో వేసవి మధ్యాహ్నము బయట 42 డిగ్రీలున్నదనుకొందము. నిలిచి నిలిచి పోవు బండిలో బానెట్టు క్రింద 65 డిగ్రీలైనచో, అచటి గాలి బయటి గాలికంటె నూటికి ఏడు పాళ్లు పలుచన. ఒక పాలు లాభమునకై ఏడు పాళ్లు వదలుకొన్నట్లయినది. ఇది గ్రహించిన కొందరు గొట్టమును పొడిగించి ఫిల్టరును బంపరు క్రిందికి దింపుదురు. చల్లగాలి దొరకును, నిజమే. దానితో పాటు నీరును దొరకును. 2020 అక్టోబరులో హైదరాబాదు వీథులు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలు ఎట్లు మునిగినవో శ్రోతలు మరువలేదు. గాలివలె నీరు అణగదు. సిలిండరులో నీరు చేరగా పిస్టను పైకి లేచినచో కనెక్టింగు రాడ్డు వంగును. కంపెనీవారు గాలి నోటిని ఎత్తున అమర్చుట ఊరక కాదు.

మరి బజారు ఫిల్టరులే కొనరాదా? అట్లనుట మా ఉద్దేశము కాదు. కంపెనీ ముద్రగల ఫిల్టరు ఖరీదు కొందరికి భారము. పాత కార్లకు అది దొరకుటయే కష్టము. కార్ల కంపెనీలు తామే ఫిల్టర్లు తయారుచేయుట అరుదు. వేరొక ఫ్యాక్టరీచేత చేయించి తమ ముద్ర వేసి అమ్ముదురు. ఆ ఫ్యాక్టరీలు తమ పేరుతో బజారులో అమ్మునవి తరచు అదే సరకు, తక్కువ ధరకు. అవి దొరకినచో నిస్సందేహముగా కొనవచ్చును. పేరులో ఒక అక్షరము మార్చిన డూప్లికేటుల పట్ల మాత్రము జాగ్రత్త పడవలెను. కొనునప్పుడు పాతదానిని వెంట తీసికొనిపోయి రెండింటిని ప్రక్కప్రక్కన నుంచుడు. మడతలు లెక్కించుడు. మడతలు తక్కువైనచో కాగితము తక్కువ. కాగితము తక్కువైనచో దుమ్ము మోయు శక్తి తక్కువ. మడతలు సమదూరమున నిలిచియున్నవా, వ్రేలితో త్రోసినచో ఒకదానిపై నొకటి వాలుచున్నవా చూడుడు.

అన్నిటికంటె ముఖ్యము అంచు. ఫిల్టరు చుట్టునుండు రబ్బరు అంచు మెత్తగా నుండి, పెట్టె గాడిలో ఎడము లేక కూర్చుండవలెను. గాలికి సోమరితనము జాస్తి. కాగితములో దూరుటకంటె ప్రక్క సందున జారిపోవుటయే దానికి హాయి. అంచున తలవెంట్రుక పట్టునంత సందున్నను నూటికి 99 పట్టు కాగితమునకు అర్థము లేదు. అటులనే ఫిల్టరు దాటిన తరువాత నుండు రబ్బరు గొట్టము పగిలినను, దాని బిగింపు పట్టీ వదులైనను దుమ్ము నేరుగా ఇంజనులోనికి పోవును. క్రొత్త ఫిల్టరు పెట్టిన తరువాత కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి, పెట్టె విప్పి, ఇంజను వైపు గొట్టము లోపల తెల్లని గుడ్డతో తుడిచి చూడుడు. గుడ్డ మాసినచో ఎక్కడనో సందున్నది. ఇంతకు మించిన పరీక్ష కోరువారు ఇంజను నూనె మార్చునప్పుడు కొంచెము నూనెను ప్రయోగశాలకు పంపి సిలికాన్ పాలు ఎంతయో కనుగొనవచ్చును. పెద్ద లారీ సంస్థలలో ఇది వాడుకలో నున్నది.

నూనె పట్టించిన నూలుగుడ్డ ఫిల్టరులను గూర్చి ఒకమాట చెప్పక తీరదు. అవి పనికిరానివని మేమనము. పందెములలో పరుగెత్తు కార్లకు, తారురోడ్డు మీద అప్పుడప్పుడు వేగముగా పోవు సరదా కలవారికి అవి తగినవే. శ్రద్ధగా వాడినచో ఏండ్ల తరబడి నిలుచును. ఐతే ఆ గుడ్డకు దుమ్మును పట్టు శక్తి నూనె వలననే కలుగును. నూనె తక్కువైనచో దుమ్ము దాటును. ఎక్కువైనచో, గాలిని కొలుచుటకు వేడితీగ అమర్చిన కార్లలో నూనె తుంపరలు ఆ తీగపై పేరుకొని లెక్క తప్పించును. కడుగుట, నీడలో పూర్తిగా ఆరబెట్టుట, నూనె మితముగా పట్టించి ఇంకనిచ్చుట — ఒకపూట పని. ట్రాక్టరులలో నూనెగిన్నెగల ఫిల్టరును వాడిన రైతులకు ఈ ఓపిక తెలియును. దినమంతయు బండి తిరిగినగాని పొయ్యి వెలుగనివానికి అంత తీరిక యెక్కడిది? స్పంజి ఫిల్టరులకును ఇదే చిక్కు.

మావాని యెడల జరిగిన దదియే. మేము గ్రుచ్చిగ్రుచ్చి అడుగగా నిజము బయటపడినది. రెండు మారులు ఫిల్టరును సబ్బునీటితో కడిగి, నూనె సీసా అయిపోయినందున ఊరక ఆరబెట్టి పెట్టినాడట. శంకువును గొట్టమునకు బిగించు పట్టీయు వదులై యున్నదని షెడ్డు మేస్త్రీ చెప్పెను. అమ్మినవాడు "కడిగి నూనె పట్టించి" అనియే చెప్పియుండెను. మావాని చెవిని పడినది "జన్మలో మార్చనక్కరలేదు" అన్న మాట యొక్కటియే.

రీబోరు పూర్తియైన తరువాత పాత ఇనుప సామానులవాని యొద్ద అదే కారు నల్లపెట్టె దొరకినది. మూతకు క్లిప్పొకటి విరిగియుండగా వేరొక పెట్టెలోనిది తెచ్చి అమర్చితిమి. కాగితపు ఫిల్టరును నిదానముగా చూచి కొంటిమి. కార్లతో ఇచ్చు పుస్తకములలో మార్చవలసిన గడువు మామూలు బాటలకు వేరుగను, దుమ్ము బాటలకు వేరుగను వ్రాసియుందురు. మావాని పుస్తకమును వెదకి, రెండవ గడువును చాక్‌పీసుతో బానెట్టు లోపలివైపున వ్రాయించితిమి. నెల తరువాత వచ్చినప్పుడు తెల్లగుడ్డ పరీక్ష మేమే చేసితిమి. మొదటిమారు గుడ్డ కొంచెము మాసినది. వెదకగా మోచేతివలె వంగిన రబ్బరు గొట్టము అడుగుభాగమున చిన్న పగులు కనబడినది. గొట్టము మార్పించి, మరల పదునైదు దినములు క్వారీ బాటమీద తిప్పిన పిమ్మట తుడిచి చూచితిమి. ఈమారు గుడ్డ తెల్లగనే వచ్చినది.